పట్టీలు కలుపుట – ప్రజల సమ్మతి

(ఖిలా వరంగల్ పఠనమందిరమున చేసిన ఉపన్యాస పాఠము)



ఈ సాయంకాలము మీ యెదుట ప్రస్తావింపదలచిన విషయము వినుటకు మిక్కిలి చిన్నదిగా తోచును. ఒక అంగడివాని యొద్ద రెండు పట్టీలున్నవి. మొదటిది, క్రొత్త సరకు వచ్చినపుడు వాట్సాపులో కబురు పంపుడని కోరినవారి పట్టీ. రెండవది, ఆన్‌లైన్ అంగడిలో సరకు కొన్నవారి ఖాతా. ఈ రెంటిని ఎదురెదురుగా పెట్టి, ఇందున్న మనిషియే అందున్న మనిషియని గుర్తించి ఒక్కటిగా కలుపవచ్చునా, కలుపరాదా? ప్రశ్న ఇంతమాత్రమే. దీనికొక సభ యేల, ఉపన్యాసమేల యని మిత్రులు కొందరు మమ్ములను పరిహసించిరి. వారికి మేమిచ్చిన సమాధానము ఒక్కటే: ఈ చిన్న పని మూలమున ఒక ఆడుబిడ్డ ఇల్లు విడిచి పోవలసి వచ్చినది. ఆ పనిలో మా చేయియు కలదు. అందుచేతనే మాటాడుచున్నాము.

మీలో పెక్కురు పుస్తకప్రియులు. హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయమునకు వారసులమని చెప్పుకొను ప్రాంతము మనది. గ్రంథపాలకుని యొద్దనుండు పట్టీని ఒక్కసారి తలచుకొనుడు. ఎవరే పుస్తకము కొనిపోయిరో, ఎన్నాళ్లుంచుకొనిరో అతడెరుగును. ఎరుగకున్న గ్రంథాలయము నడవదు. కాని అదే పట్టీని తీసికొనిపోయి బజారులోని మందుల అంగడి ఖాతాతో సరిపోల్చి, ఫలానా రోగమును గూర్చి చదువువాడు ఫలానా మందు కొనుచున్నాడని ఆతడు తేల్చినచో మనము సహింతుమా? పుస్తకము రహస్యము కాదు. మందును రహస్యము కాకపోవచ్చును. రెంటిని జతపరచగా పుట్టిన మూడవ సంగతి యున్నదే, అది మన మెవ్వరికిని చెప్పినది కాదు. నేటి ప్రశ్నకు మూలమిక్కడనే కలదు.

ముందుగా, ఈ కలుపుట యెట్లు జరుగునో తెలిసికొందము. సందేశముల పట్టీలో సాధారణముగా ఉండునది ఫోను నంబరు, ఒక పేరు. అంగడి ఖాతాలో నుండునవి పేరు, ఫోను నంబరు, ఈ-మెయిలు, ఇంటి చిరునామా, కొన్న వస్తువులు, చెల్లించిన సొమ్ము. రెంటను ఉమ్మడిగా ఉన్నది ఫోను నంబరు గనుక దానిని పట్టుకొని జత కుదుర్తురు. ఒకచోట నంబరునకు ముందు దేశపు సంఖ్యయగు 91 ఉండును, ఒకచోట సున్న యుండును, ఒకచోట రెండును ఉండవు. ఈ తేడాలన్నిటిని తొలగించి పది అంకెలుగా చేసి, పిమ్మట ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూతురు. కంప్యూటరునకిది క్షణములో పని.

నంబరు కుదరనిచోట పేరును, ఈ-మెయిలును ఆశ్రయింతురు. ఇక్కడ తెలుగువారి పేర్లు తెచ్చు చిక్కు అంతయింత కాదు. ఇంటిపేరు ఒకరు ముందు వ్రాయుదురు, ఒకరు వెనుక వ్రాయుదురు, ఒకరు అక్షరము మాత్రము వ్రాసి యూరకుందురు. లక్ష్మి యను పేరును ఇంగ్లీషు లిపిలో ఎక్స్ అను అక్షరముతో వ్రాయువారును, కె, ఎస్, హెచ్ అను మూడక్షరములతో వ్రాయువారును కలరు. యంత్రమునకు వీరిద్దరు. అటులే ఒకే వాడలో నలుగురు వెంకటేశ్వర్లు ఉన్నచో యంత్రమొకానొకప్పుడు వారిని ఒక్కనిగా చేయును. కావున 'దగ్గరగా నున్నది చాలును, ఇద్దరు నొక్కరే యనుకొనుము' అని దానికొక కొలత నేర్పుదురు. ఆ కొలత బిగువైన అసలైన జతలు జారిపోవును. వదులైన పరాయివారు జతపడుదురు. రెంటికిని మధ్య దోషములేని స్థానము లేదు.

ఫోను నంబరు మాత్రము నమ్మదగినదా? మన యిండ్లలో ఒక నంబరు ఒక మనిషిది కాదు, ఒక కుటుంబమునది. తల్లి పేరున కొన్న సరకునకు కొడుకు నంబరు, కోడలి పట్టీకి మామగారి నంబరు ఇచ్చుట మనకు వాడుక. అంతేకాక, ఒకరు వదలిన నంబరు కొంతకాలమునకు మరియొకరికి పోవును. రద్దయిన నంబరును 90 దినములు గడచువరకు ఇతరులకు కేటాయింపరని టెలికాం నియంత్రణ సంస్థ 2023లో సుప్రీంకోర్టునకు తెలిపినది. 90 దినములు గడచిన తరువాత అది వేరొకరి చేతికి పోవచ్చును. పట్టీలో మాత్రము పాతవారి పేరే నిలిచియుండును.

'మేము నంబరును నంబరుగా పంపము, దానిని గుర్తుపట్టరాని సంకేతముగా మార్చి పంపుదుము' అని కొన్ని కంపెనీలవారు చెప్పుదురు. దీనిని హ్యాష్ అందురు. ఒక నంబరునుండి ఎల్లప్పుడు ఒకే సంకేతము పుట్టును గనుక ఇరుపక్కల సంకేతములను సరిపోల్చి జత కుదుర్పవచ్చును. ఇది కొంత మేలే. కాని మన దేశపు మొబైలు నంబర్లు పది అంకెలవి. మొదటి అంకె ఆరు మొదలు తొమ్మిది వరకు నుండును. అనగా ఉండదగిన నంబర్లన్నియు కలిసి 400 కోట్లు. ఇన్నిటికిని ముందుగనే సంకేతములు చేసి పెట్టుకొని, ఏ సంకేతము ఏ నంబరుదో వెదకి పట్టుకొనుట నేటి కంప్యూటరునకు కష్టము కాదు. అదనపు రహస్యపు తాళము లేని సంకేతము పలుచని ముసుగు వంటిది. మొగము కనబడకపోదు.

ఇప్పుడు మా సంగతి చెప్పెదము. ఇచ్చటను, కొత్తవాడలోను నేయు జంపఖానాలను అమ్ము ఒక చిన్న సంఘమునకు మేము న్యాయసలహా చెప్పుచు, సెలవు దినములలో కార్యకర్తలుగా పనిచేయుచున్నాము. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి మీరెరుగుదురు. గుర్తింపు వచ్చినంతనే గిరాకి రాదు గదా! గిరాకిని వెదకుకొని మన నేతగాడు పోలేడు. అందుచేత సంఘమువారు ఒక ఆన్‌లైన్ అంగడి తెరచిరి. వాట్సాపులో క్రొత్త నేతల చిత్తరువులు పంపుటకు ఒక పట్టీ పెట్టిరి. రెండును బాగుగనే నడచినవి.

సంఘములో పనిచేయు ఒక బుద్ధిమంతుడగు యువకుడు ఒకనాడు మా యొద్దకు వచ్చి, "వకీలుగారూ, నిన్న జంపఖానా కొన్నవారికే నేడు మరల కొనుడని కబురు పంపుచున్నాము. వారు విసుగుకొనుచున్నారు. రెండు పట్టీలు కలిపినచో ఎవరికేమి కావలెనో తెలియును. సరకు బయలుదేరిన కబురు కూడ వాట్సాపులోనే పంపవచ్చును" అనెను. మాకా మాట సబబుగా తోచినది. సమ్మతి సంగతి మాకు తట్టకపోలేదు. కాని 'రెండు పట్టీలును మన సంఘమువే గదా, బయటివారికిచ్చుట లేదు గదా' యని మనసునకు సర్దిచెప్పుకొంటిమి. వకీళ్లకు ఇట్టి సర్దుబాటు చేతనగును. కలుపుడని చెప్పితిమి.

కొన్ని వారముల తరువాత ఒక వృద్ధురాలు మా యింటికి వచ్చినది. ఆమె కుమార్తె భర్త కొట్టు దెబ్బలకు తాళలేక విడిగా వచ్చి, వేరొక పేటలో అద్దెకుండి ఉద్యోగము చేసికొనుచున్నది. గృహహింస నిరోధక చట్టము క్రింద కోర్టు రక్షణ ఉత్తరువు కూడ నిచ్చినది. ఆమె యుండు చోటు భర్తకు తెలియదు. అత్తవారింట నున్న కాలమున ఆమె మా సంఘపు సందేశముల పట్టీలో చేరినది. అపుడిచ్చిన నంబరు ఆ యింటిది, నేడది భర్త చేతనున్నది. విడిగా వచ్చిన తరువాత, వట్టినేలపై పరుండలేక, మా ఆన్‌లైన్ అంగడిలో ఒక జంపఖానా కొన్నది. క్రొత్త నంబరే యిచ్చినది. ఈ-మెయిలు మాత్రము పాతది. మా యంత్రము పేరును, ఈ-మెయిలును చూచి, ఈమెయే ఆమెయని సరిగా గ్రహించి, రెండు ఖాతాలను జతపరచినది. 'మీరు కొన్న జంపఖానా ఫలానా పేటలోని మీ యింటికి బయలుదేరినది' అను కబురు పాత నంబరునకు పోయినది.

రెండు దినములలో ఆ భర్త ఆ వీధిలో నిలిచెను. ఇరుగుపొరుగువారు అడ్డుపడిరి గనుక ప్రమాదము తప్పినది. ఆమె మరల ఇల్లు మారినది. ఆ వృద్ధురాలు మమ్ము దూషింపలేదు. "సారూ, నా బిడ్డను ఒక్కమాట అడిగితే వద్దని చెప్పకపోవునా? అడగకుంట ఎట్ల కలిపిన్రు?" అని మాత్రమడిగినది. ఇరువదేండ్లుగా కోర్టులో ప్రశ్నలు వేయుచున్న మాకు ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

గమనింపుడు. మా యంత్రము పొరపాటు చేయలేదు. వేరొకరి ఖాతాను ఆమెకు అంటగట్టలేదు. అది చేసిన జత నూటికి నూరుపాళ్లు నిజము. నిజమైనందుననే కీడు కలిగినది. తప్పు జత కలుపుట ఒక దోషము. సరియైన జతను అడుగక కలుపుట మరియొక దోషము. పట్టీలు కలుపువారు మొదటిదానిని గూర్చియే మాటాడుదురు, 'మా లెక్క నూటికి తొంబదితొమ్మిది పాళ్లు సరి' యని గర్వింతురు. రెండవదానిని గూర్చి అడుగువారు లేరు.

మొదటి దోషమునకు మన రాష్ట్రముననే పెద్ద నిదర్శనము కలదు. 2014 ఆగస్టు 19వ తేదీన తెలంగాణ అంతట ఒక్కదినముననే సమగ్ర కుటుంబ సర్వే జరిగినది మీకు జ్ఞాపకముండును. తరువాతి కాలమున సమగ్ర వేదిక యను పేర ఒక ఏర్పాటు వచ్చినది. వేర్వేరు ప్రభుత్వశాఖల పట్టీలలోని పేర్లను, చిరునామాలను సరిపోల్చి, ఒక మనిషికి సంబంధించినవన్నియు ఒకచోటికి చేర్చుట దాని పని. కారున్నవారికి, ఆస్తియున్నవారికి రేషను కార్డు పోరాదను ఉద్దేశము మంచిదే. కాని పేరు పేరును పోలినంతమాత్రమున మనిషి మనిషి కాడు. కారెన్నడును ఎక్కని నిరుపేదలకు, వారి పేరును పోలిన వేరొకని కారును అంటగట్టి కార్డు తీసివేసిన ఉదంతములు పత్రికలలో వచ్చినవి. కార్డు పోయిన సంగతి బియ్యమునకు పోయిననాడుగాని పేదవానికి తెలియలేదు. తుదకు 2022లో సుప్రీంకోర్టు, 2016 మొదలు రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికి పోయి మరల పరిశీలింపుడని ఉత్తరువు చేసినది. యంత్రము ఒక్క క్షణమున చేసిన జతను విడదీయుటకు మనుష్యులు గడపగడపకు తిరుగవలసి వచ్చినది. కొండనాలుకకు మందు వేయగా ఉన్ననాలుక ఊడినది.

ఇక రెండవ దోషమునకు ప్రపంచమంత పెద్ద నిదర్శనము కలదు. అదియు సందేశముల పట్టీని గూర్చినదే. 2014లో ఫేస్‌బుక్ కంపెనీ వాట్సాపును కొన్నది. అట్టి కొనుగోలును పరిశీలించు ఐరోపా కమిషను, 'మీ ఖాతాదారులను, వీరి ఖాతాదారులను జతపరతురా?' యని ఆనాడే విచారించినది. నమ్మదగినట్లు యంత్రముచే జతపరచుట తమకు సాధ్యము కాదని కంపెనీ చెప్పినది. రెండేండ్లు గడచినవి. 2016 ఆగస్టులో వాట్సాపు తన నిబంధనలు మార్చి, చందాదారుల ఫోను నంబర్లను ఫేస్‌బుక్ ఖాతాలతో జతపరచుటకు దారి తెరచినది. 2014లోనే ఆ జత సాధ్యమని కంపెనీకి తెలియునని కమిషను తేల్చి, తప్పుదారి పట్టించు సమాచారమిచ్చినందుకు 2017 మేలో 11 కోట్ల యూరోల జరిమానా విధించినది.

మన దేశము కూడ ఊరకుండలేదు. 2016 సెప్టెంబరు 23న ఢిల్లీ హైకోర్టు, ఆ నెల 25లోగా వాట్సాపును వదలిపోవువారి సమాచారమును తుడిచివేయుడనియు, ఉండువారి విషయమున ఆ తేదీవరకు నున్న సమాచారమును ఫేస్‌బుక్‌తో పంచుకొనరాదనియు ఆదేశించినది. 2021లో వాట్సాపు మరల క్రొత్త నిబంధనలు తెచ్చి, ఒప్పుకొనుడు లేదా వదలుకొనుడు అను ధోరణి పట్టగా, భారత పోటీ కమిషను విచారించి 2024 నవంబరు 18న మెటా కంపెనీకి 213 కోట్ల 14 లక్షల రూపాయల జరిమానా వేసినది. ప్రకటనల నిమిత్తము సమాచారము పంచుకొనరాదని ఐదేండ్ల నిషేధమును పెట్టినది. 2025 నవంబరులో అప్పీలు ట్రిబ్యునల్ ఆ నిషేధమును తొలగించినది, జరిమానాను మాత్రము నిలిపినది. వ్యాజ్యముల సంగతి యటుండనిండు. వేల కోట్లకు అధిపతులైనవారును, మా బోటి జంపఖానాల సంఘమువారును తలపెట్టినది ఒకే పని. వారు చేసినది అన్యాయమై, మేము చేసినది సేవ యగునా?

మా యువకుడు ఈ మాటకే అడ్డుపడి, "వకీలుగారూ, పెద్ద కంపెనీలు దినమునకు కోటిసార్లు చేయుపనిని మనమొక్కసారి చేసిన తప్పా? వారి చేతులు విడిచి నేతగాని చేతులు కట్టివేయుట ఏమి ధర్మము?" అని అడిగెను. ఈ ప్రశ్న తేలిక కాదు. మగ్గము మీద కూర్చున్నవాని కడుపు నిండవలెనన్న అమ్మకము సాగవలెను. అమ్మకము సాగవలెనన్న కొనువాని నెరుగవలెను. పూర్వము సంతలోని వర్తకుడు తన గిరాకీదారుని మొగము చూచి, 'అమ్మా, పోయినసారి నీలపు అంచు కొంటివి, ఈసారి ఎఱ్ఱ యంచు వచ్చినది' అని చెప్పలేదా? అదియు పట్టీ కలుపుటయే గదా?

కాదు. సంతలో వర్తకుడు చెప్పినది ఆమె మొగమెదుట చెప్పినాడు. ఆమె 'నాకు వలదు' అన్నచో ఊరకున్నాడు. ఆమె ఇంటి దారిని మరియొకరికి చెప్పలేదు. కొన్నదెవరో, విన్నదెవరో అతనికి తెలియును. మా యంత్రమునకు నంబరు తెలియును. ఆ నంబరు వెనుక చేయి యెవరిదో తెలియదు. తెలియనిచో అడుగవలెను. అడుగుటకు ఖర్చెంత? ఒక్క వాక్యము.

చట్టమును ఇదే చెప్పుచున్నది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టున తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠముగా, ఆంతరంగికత పౌరుని ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. దానిని అనుసరించి 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. దాని నియమావళి 2025 నవంబరులో ప్రకటితమైనది. ముఖ్యమైన విధులు ప్రకటనకు పదునెనిమిది మాసముల పిమ్మట అమలునకు వచ్చునట్లు గడువు పెట్టిరి. ఆ చట్టము ప్రకారము సమ్మతి స్వేచ్ఛగా నుండవలెను. ఒక నిర్దిష్టమైన పనికి ఉండవలెను. సంగతి తెలిసి యిచ్చినదై యుండవలెను. స్పష్టమైన చర్యచే తెలుపవలెను. ఇచ్చుట ఎంత సులభమో వెనుకకు తీసికొనుటయు నంత సులభముగా నుండవలెను. అడుగు నోటీసును తెలుగుతో సహా రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో చదువుకొనుటకు వీలుండవలెను.

ఆ చట్టములోనే ఒక చక్కని ఉదాహరణ కలదు. ఒకామె మందుల అంగడిలో మందు కొని, సొమ్ము ముట్టినట్లు తన ఫోనునకు రసీదు పంపుమని నంబరిచ్చినది. రసీదు పంపుటకు ఆ నంబరును అంగడివాడు వాడుకొనవచ్చును. ఆ పనికే యిచ్చినది గనుక అంతవరకే. మన వ్యవహారములో 'మౌనము అర్ధాంగీకారము' అను సామెత కలదు. పెండ్లిచూపులలో అది చెల్లుగాక, ఇచ్చట చెల్లదు. పలుకనివాడు ఒప్పుకొన్నవాడు కాడు.

చట్టము నేటిది. ధర్మము మాత్రము ఈ కోటకు క్రొత్త కాదు. మనము కూర్చున్న యీ ఓరుగల్లునుండి రాజ్యమేలిన గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవున ఒక అభయశాసనము వేయించెను. నేటికిని ఆ శాసనము బాపట్ల జిల్లాలోని ఆ యూర కలదు. అంతకు ముందటి రాజులు, తుఫానునకు చిక్కి దారితప్పి తమ తీరమునకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని బంగారమును, గుఱ్ఱములను, రత్నములను బలాత్కారముగా తీసికొనుచుండిరి. 'మా తీరమునకు వచ్చినది మాదే' యని వారి వాదము. గణపతిదేవుడు ఆ వాదమును త్రోసిపుచ్చి, నిర్ణయించిన సుంకము తప్ప తక్కినదేదియు తీసికొనమని సముద్రవర్తకులకు మాట యిచ్చెను. దయ చేతను, కీర్తి కొరకును, ధర్మము కొరకును అట్లు చేసితినని చెప్పుకొనెను.

మన చేతికి వచ్చినదంతయు మనది కాదు. ఏ పనికై వచ్చినదో ఆ పనికి కావలసిన సుంకము వరకే మనకు హక్కు. ఆ ఆడుబిడ్డ తన చిరునామా మా తీరమునకు పంపినది జంపఖానా ఇంటికి చేరుటకు. చేర్చినంతతో మా హక్కు తీరినది. తక్కినది తీసికొన్నచో మేము ఓడను దోచుకొన్న పాతరాజుల వారసులమే గాని గణపతిదేవుని వారసులము కాము. అభయమిచ్చిన తరువాత మోటుపల్లి వర్తకము క్షీణింపలేదు. ఆ శతాబ్దపు చివర వచ్చిన మార్కోపోలో ఈ దేశపు సన్నని వస్త్రములను కొనియాడిపోయెను. నమ్మకము వర్తకమునకు శత్రువు కాదు.

తరువాత మేమేమి చేసితిమో చెప్పవలెను. కలిపిన ఖాతాలన్నిటిని విడదీసితిమి. ఆమెకు క్షమాపణ చెప్పుకొని, కోర్టులో ఆమె వ్యవహారమును ఉచితముగా నడుపుచున్నాము. దీనిని గొప్పగా చెప్పుట లేదు, అది బాకీ. పిమ్మట సందేశముల పట్టీలోని వారందరికి తెలుగులో ఒక వాక్యము పంపితిమి: 'మీ యీ నంబరును మా అంగడిలోని మీ కొనుగోలు ఖాతాతో కలుపమందురా? ఔను అన్ననే కలుపుదుము.' కొందరు ఔననిరి. కొందరు వలదనిరి. పెక్కురు మారుపలుకలేదు, వారిని కలుపలేదు. దీనివలన నష్టము లేదని చెప్పము. కొన్నవారికే మరల కొనుడని కబురు పోవుట నేటికిని జరుగుచున్నది, విసుగుకొనువారున్నారు, అమ్మకము కొంత తగ్గినది. సంఘపు పెద్దలగు నేతగాండ్రు లెక్క చూచి నిట్టూర్చిరి. కాని వారిలో ఒకరును పాతపద్ధతికి పొండని చెప్పలేదు. వారియిండ్లలోను ఆడుబిడ్డలున్నారు.

ఈ పట్టణపు వర్తకులకు, సంఘములకు, విద్యాలయములకు, పట్టీలు కలుపదలచిన వారందరికిని మా మనవి యిది. మొదటిది, కలుపుటకు ముందు అడుగుడు. దేనికి కలుపుదురో ఒక్క వాక్యములో, వారి భాషలో చెప్పుడు. రెండవది, పేరు పోలికను నమ్మకుడు. ఉభయులు నొక్కరేయని ఆ మనిషి చెప్పిననే ఒక్కరు. మూడవది, కొన్న వస్తువు, చిరునామా కొనుగోలునాడిచ్చిన నంబరునకు తప్ప వేరొక నంబరునకు పంపకుడు. నాలుగవది, చాలకాలము పలుకని నంబరును పట్టీనుండి తీసివేయుడు. అది నేడెవరిదో మీకు తెలియదు. ఐదవది, కలిపినదానిని విడదీయు దారిని ముందుగనే ఉంచుకొనుడు. విడదీయలేని ముడి వేయువాడు నేతపని తెలిసినవాడు కాడు.

కొనువారికిని ఒక మాట. సొమ్ము చెల్లించుచోట గుమాస్తా నంబరడిగిన వెంటనే చదివి చెప్పుట మనకు అలవాటైనది. నంబరు ఇచ్చిననే బిల్లు ఇత్తుమని పట్టుపట్టరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే వర్తకులకు చెప్పినది. కావున 'దేనికి?' అని యడుగుడు. అడుగుట అమర్యాద కాదు. ఇచ్చిన సమ్మతిని వెనుకకు తీసికొనుటయు అమర్యాద కాదు. ఒకానొక కాలమున ఈ ప్రాంతమున సభ చేయవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలసి యుండెడిది. నాడు మన పెద్దలు అడుగవలసినది అడిగి, పొందవలసినది పొంది ఈ పఠనమందిరముల వంటివి నిలిపిరి. వారి మనుమలమైన మనకు ఒక గుమాస్తాను 'దేనికి?' అని యడుగుటకు జంకేల?

ఈ కోటకు మట్టిగోడ యొకటి, రాతిగోడ యొకటి కలవు. ద్వారములు తిన్నగా లోనికి పోవు. వంపు తిరిగి పోవును. వచ్చువాడొక క్షణము నిలువవలెను, లోపలివాడొక క్షణము చూడవలెను. గోడలున్నవని ఎవరును కోటలోనికి రాక మానలేదు. నేటికిని లోపల ఊరున్నది, పొలమున్నది, మగ్గమున్నది. ప్రతి మనిషికి తన చుట్టును అట్టి వంపు ద్వారమొకటి కావలెను. దానిని కట్టియిచ్చుట చట్టపు పని. అచట నిలిచి 'రావచ్చునా?' అని యడుగుట మన పని.

ఆ వృద్ధురాలు మొన్న మరల వచ్చినది. కుమార్తె కొన్న జంపఖానా పాత యింటనే ఉండిపోయినదట. దానిని తెచ్చుకొనుటకు కూడ ఆమె అటు పోలేదు. సంఘమువారు మరియొకటి పంపుదుమనిరి. చిరునామా మేమడుగలేదు. ఆ తల్లియే వచ్చి, మడిచి చంకన బెట్టుకొని పోయినది.